గురువు లైన్లోనే ఉన్నాడు

గురువు కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోవడం ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ చూశారు. పట్టపగలు. భోజనాలు ముగించి అందరూ అప్పుడే సీట్లలో సర్దుకుంటున్నారు. ఆయన ఎడమ చేత్తో మెడ రుద్దుకున్నాడు. "కాస్త మంచినీళ్లివ్వమ్మా," అన్నాడు. తప్పులమ్మ సీసా మూత తీసేలోగా బల్ల అంచుకు తల కొట్టుకుని కిందపడ్డాడు.

తప్పులమ్మ ఆమె అసలు పేరు కాదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ఆ పేరు పెట్టింది గురువే. ఆ చిన్న కంపెనీలో జుట్టు నెరిసినవాడు ఆయనొక్కడే. మిగతావాళ్లంతా ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకున్నవాళ్లే కనుక ఆయన అందరికీ గురువు.

తప్పులమ్మా, పక్క సీటు కుర్రాడు సరేబాబూ కలిసి గురువును చంకల కింద చేతులేసి గుమ్మం దాకా ఈడ్చుకొచ్చారు. ఎవరేం చెప్పినా "సరే" అంటాడని ఆ కుర్రాడికి ఆ పేరు. గాజు తలుపు తెరుచుకోలేదు. ఆ రోజు రిలీజ్. నెలల తరబడి చేసిన పనిని సముద్రం అవతలున్న క్లయింటుకు అప్పజెప్పే రోజు. అలాంటి రోజున ఎవరి కార్డూ తలుపు తియ్యదు. బయట కూర్చున్న సెక్యూరిటీ బాబాయ్ మీట నొక్కితేనే దారి.

"బాబాయ్! తలుపు తియ్యి! మనిషి పోతున్నాడు!" తప్పులమ్మ రెండు చేతులతో గాజును బాదింది.

బాబాయ్ చెవి దగ్గర ఫోనుంది. లోపల అద్దాల గదిలో క్లయింటుతో మాట్లాడుతున్న యజమానికి చేశాడు. యజమాని గొంతు తగ్గించి, "కాల్ అవనివ్వు. ఇప్పుడు అందరూ లేచి బయటికి పరిగెడితే నా పరువేం కావాలి? ఎవర్నీ కదలనివ్వకు," అన్నాడు. ఈ మాటలు తర్వాత తెలిశాయి. అప్పటికి తప్పులమ్మకు కనబడింది ఒక్కటే. బాబాయ్ చెయ్యి మీట దాకా వెళ్లింది. వెళ్లి వెనక్కి వచ్చింది.

కాల్ అయింది. క్లయింటు చప్పట్లు కొట్టిందట. తలుపు తెరుచుకుంది.

ఆసుపత్రిలో డాక్టరు నాడి చూసి, "ఇంతసేపు ఏం చేస్తున్నారు మీరంతా?" అని అడిగాడు. 

*

యజమానిని సార్ అనకూడదు. "ఇది కంపెనీ కాదు, కుటుంబం. నన్ను అన్నా అనండి," అంటాడు. గురువు ఫోటోకు దండ వేసి అందరికంటే ఎక్కువ ఏడ్చింది కూడా ఆయనే. మర్నాడు తప్పులమ్మను తన గదిలోకి పిలిచాడు.

"క్లయింటు కంగారుపడకూడదు కదమ్మా. వాళ్లు మనల్ని చూసి కాదు, గురువు పనితనం చూసి పనిచ్చారు. ఈ ప్రాజెక్టులో మిగతా పని గట్టెక్కేదాకా ఆయన ఉండాలి."

"ఆయన పోయారు కదన్నా."

"వాళ్లకు తెలీదు కదా! నువ్వు ఆయన దగ్గర నేర్చుకున్నదానివి. ఆయన పేరుతో లాగినవ్వు. ఆయన రాసినట్టే రాయి. ఆగిపోయిన పని సాగుతుంటే ఆయన ఆత్మ కూడా సంతోషిస్తుంది."

తప్పులమ్మ గురువు కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ ఆయన బరువుకు వెనక్కి వాలడం అలవాటుపడి, ఆమెనూ అలాగే వెనక్కి లాగింది. పాస్‌వర్డు కొట్టింది. గదిలో ప్రతి తెర మీదా గురువు పేరు పక్కన, ఆయన లైన్లో ఉన్నట్టు, పచ్చచుక్క వెలిగింది.

ఎవరో "అమ్మో" అన్నారు. ఎవరి చేతిలోనో గ్లాసు జారి పడింది.

క్లయింటు వైపు పని చూసే ఆవిడ అవతలి నుంచి చాట్‌లో పలకరించింది. "మొన్న కాల్ రోజున మీ నుంచి మెసేజీ రాలేదు. ఒంట్లో బాగుందా?"

తప్పులమ్మ వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. అద్దాల గదిలోంచి యజమాని చూస్తున్నాడు. ఆమె టైపు చేసింది: "బాగున్నాను."

ఆ రోజు నుంచి గురువు చావడం మానేశాడు. పొద్దున్నే వస్తాడు. అడిగినదానికల్లా జవాబిస్తాడు. సెలవు పెట్టడు. బతికుండగా "చూద్దాంలెండి" అని గొణిగేవాడు, ఇప్పుడు గొణగడం కూడా లేదు. ఆయన పేరు మీద సందేశం వచ్చిన ప్రతిసారీ కుర్రాళ్లు తల తిప్పి ఆ కుర్చీ వంక చూసేవాళ్లు. అక్కడ ఆడపిల్ల కూర్చుని ఉన్నా వాళ్ల కళ్లు ఆమె వెనకెక్కడో వెతికేవి. ఆ వరసలో ఒక్కొక్కరే సీట్లు మార్చుకున్నారు. ఆఖరికి తప్పులమ్మ ఒక్కతే మిగిలింది.

ఒకరోజు అన్నం తింటుంటే వాళ్లమ్మ అడిగింది. "ఏమే, మాటిమాటికీ అలా మెడ రుద్దుకుంటావేం? పడుకున్నప్పుడు పట్టేసిందా?"

తప్పులమ్మ తన ఎడమ చేతిని చూసుకుంది. 

"చచ్చిపోయిన మనిషితో పని చేయిస్తున్నారమ్మా," అంది. "నా చేతులతో."

తల్లి బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టే మనిషి. కంచం పక్కకు జరిపింది. "దయ్యాలు మనుషుల్ని పడతాయంటారు. మీవాళ్లు మనిషినే పట్టుకుని దయ్యాన్ని చేశారు కదే," అంది. "మరి మీరంతా ఏం చేస్తున్నారు?"

అదే ప్రశ్న. డాక్టరు అడిగిందీ అదే.

*

యజమాని సేవాదినం ప్రకటించాడు. ఆఫీసు వెనకున్న కాలనీలో ఉచిత గుండె పరీక్షలు. బాబాయ్ ఉండేది, ఊడ్చే అక్క ఉండేది, డ్రైవర్లుండేది ఆ కాలనీలోనే. సమాజానికి మనం తిరిగి ఇవ్వాలన్నాడు. ఒకే రంగు చొక్కాలు కుట్టించాడు. చొక్కాల వీపు మీద "మీ గుండె మా బాధ్యత" అని రాయించాడు. ఆ పూట క్లయింటావిడ స్వయంగా వస్తుందనీ, అందరూ నవ్వుతూ ఉండాలనీ చెప్పాడు.

దానికి ముందురోజు మధ్యాహ్నం టీ వేళ సరేబాబు మెట్ల దగ్గరికి వచ్చాడు.  చేతిలో గురువు ఐడీ కార్డుంది. ఫోటో మీద సరేబాబు ఫోటో అతికించారు.

"ఆవిడ గురువును చూడాలందట. ఇన్నాళ్లూ కెమెరా పెట్టలేదు కదా, ఆయన మొహమూ తెలీదు, వయసూ తెలీదు. నన్ను... నన్ను ఆయన్లా నిలబడమన్నాడు."

"ఏమన్నావు?" అని అడిగింది తప్పులమ్మ.

"సరే అన్నాను."

ఎవరూ నవ్వలేదు. మెట్ల మీద నిలబడ్డవాళ్లు కూర్చున్నారు. పైమెట్టు మీద ఊడ్చే అక్క చీపురు పక్కన పెట్టింది. బాబాయ్ గోడకు చేరబడి ఉన్నాడు. గురువు పోయిన నాటి నుంచీ ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ రోజు మాట్లాడాడు.

"మీట దగ్గర ఉన్న చెయ్యి నాది. వద్దన్న మాట యజమానిది. రోజూ కళ్లు మూస్తే గాజు అవతల మీ అరచేతులు కనబడతాయి. అరుస్తుంటారు, వినబడదు."

"అదే చెబుదాం," అంది తప్పులమ్మ. "అందరి ముందూ చెబుదాం."

"మనమేమన్నా ఫ్యాక్టరీ కూలీలమా, గుంపుగా పోయి గోల చెయ్యడానికి?" అన్నాడు ఒక కోడింగు కుర్రాడు. "ఉన్నపళంగా తీసేస్తాడు. ఇంకెక్కడా చేరనివ్వడు. మనది పరువైన ఉద్యోగం."

ఊడ్చే అక్క గయ్యిమంది. "తాళమేసిన గదిలో పరువేందయ్యా! ఫ్యాక్టరీలో తలుపేస్తే కూలీలు బద్దలు కొడతారు. మీరు మెయిల్ పెట్టి కూర్చుంటారు."

"మెయిల్ కూడా పెట్టలేదక్కా," అన్నాడు సరేబాబు.

అప్పుడు కొందరు నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఒకమ్మాయి ఏడ్చేసింది.

తప్పులమ్మ లేచి నిలబడింది. ఉపన్యాసం ఆమెకు రాదు. తప్పు కనబడితే తప్పని చెప్పడం వచ్చు. "బాబాయ్ చెయ్యి తలుపు తియ్యలేదు. నా చేతులు ఆయన పేరుతో అబద్ధం రాశాయి. రేపు సరేబాబు ఒళ్లు ఆయన ఒళ్లు కావాలట. ఆ అన్నకు మనం మనుషులుగా అక్కర్లేదు. చేతులు కావాలి, ఒళ్లు కావాలి, విడివిడిగా కావాలి. విడివిడిగా ఉన్నంతకాలం మనం విడిభాగాలమే. రేపు ఎవరు పడిపోయినా ఇదే తలుపు, ఇదే కుర్చీ. మనందరి పేర్లతో ఎవరో ఒకరు బాగున్నాను, బాగున్నాను అని రాస్తూనే ఉంటారు."

 కోడింగు కుర్రాడే ముందు నోరు తెరిచాడు. "ముందు గురువుగారింట్లో వదినకు చెప్పాలి. ఆమెకు తెలీకుండా ఆయన గురించి మనం మాట్లాడకూడదు."

ఆ సాయంత్రం గురువు ఇంటికి వెళ్లారు. ఆయన భార్యకు కంపెనీ చెప్పింది వేరు. క్షణంలో పోయాడు, బాధ పడలేదు, ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు అని చెప్పారు. బాబాయ్ గుమ్మం బయటే నిలబడి, టోపీ చేతిలో పట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె మధ్యలో ఒక్కసారే అడిగింది.

"ఆయన చూస్తున్నాడా అప్పుడు? తలుపు వంక?"

"కళ్లు తెరిచే ఉన్నాయమ్మా."

ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. వాళ్లు కాసేపు నిలబడి వచ్చేశారు.  దారంతా వెనక ఎవరో నడుస్తున్నట్టే ఉంది అందరికీ. ఈసారి మాత్రం వెనక్కి తిరిగి చూడటానికి ఎవరూ భయపడలేదు.

*

కాలనీ మధ్య ఖాళీ స్థలంలో షామియానా వేశారు. డాక్టర్లు బల్లలు వేసుకున్నారు. కాలనీ జనం వరసలో నిలబడ్డారు. ఫోటోలు తీసేవాడు, "అమ్మా, కాస్త నవ్వండి," అంటూ తిరుగుతున్నాడు. క్లయింటావిడ కారు దిగింది. యజమాని వంగి వంగి తీసుకొచ్చి మైకు ముందు నిలబెట్టాడు.

ఆవిడ రెండు మాటలు మాట్లాడి, చుట్టూ చూసి, ఇంగ్లీషులో అడిగింది. "నాకు రోజూ మెసేజీలు రాసే ఆయన ఏరి?"

యజమాని చెయ్యి ఊపాడు. సరేబాబు ముందుకొచ్చాడు. ఆవిడ నవ్వుతూ చెయ్యి చాపింది. సరేబాబు ఆ చేతిని అందుకోలేదు. మెడలోంచి కార్డు తీసి, అతికించిన తన ఫోటోను గోటితో గీకి లాగాడు. కింద గురువు మొహం బయటపడింది.

"ఆయన ఈయన. చనిపోయారు. మీరు చప్పట్లు కొట్టిన రోజు," అన్నాడు.   తలుపు తియ్యనివ్వని సంగతంతా ఆవిడకు ఇంగ్లీషులో ఒకసారి, కాలనీ జనానికి తెలుగులో ఒకసారి చెప్పాడు.

ఆవిడ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. "మరి... బాగున్నానని రాసింది ఎవరు?"

"నేను," అంది తప్పులమ్మ. "రాయించింది ఈ అన్న. ఈ రోజు నుంచి రాయను."

యజమాని మైకు లాక్కున్నాడు. "ఈ పిల్లలకు గురువంటే ప్రాణం. ఆ దుఃఖంలో మతి చెదిరి..."

మాట పూర్తి కాలేదు. వరసలో అందరికంటే ముందున్న ముసలావిడ చేతికి చుట్టిన బీపీ పట్టీని పర్రుమని విప్పేసింది. "నా గుండె సంగతి తర్వాత చూద్దువుగాని నాయనా. ఆ తలుపు సంగతి చెప్పు."

వరస విరిగిపోయింది. చొక్కాలు వేసుకున్నవాళ్లు ఒక్కొక్కరే చొక్కాలు విప్పి డాక్టర్ల బల్ల మీద పడేశారు. బనియన్లతో నిలబడ్డవాళ్లు కొందరు. పైన వేసుకున్నది తీసి మడిచి పెట్టిన ఆడపిల్లలు కొందరు. కోడింగు కుర్రాడు తనది తిరగేసి తొడుక్కున్నాడు. "తలుపు ఎవరు తియ్యొద్దన్నారు?" అని ఒక గొంతు అడిగింది. అదే మాట కాలనీ అంతా అందుకుంది. ఇళ్లల్లోంచి జనం బయటికొచ్చారు. క్లయింటావిడ ఎవరికీ ఏమీ చెప్పకుండా కారెక్కి వెళ్లిపోయింది.

యజమాని ఫోను చేస్తే పోలీసులొచ్చారు. యజమాని ఇన్‌స్పెక్టరును పక్కకు తీసుకెళ్లి మాట్లాడాడు. ఇన్‌స్పెక్టరు తిరిగొచ్చి, "తలుపు దగ్గర డ్యూటీలో ఉన్నదెవరు?" అని అడిగాడు.

"నేనే సార్," అన్నాడు బాబాయ్. "తియ్యొద్దన్నది ఆయన. అది కూడా రాసుకోండి."

ఇన్‌స్పెక్టరు రెండోది రాసుకోలేదు. బాబాయ్ చొక్కా పట్టుకుని జీపు ఎక్కించాడు. యజమాని బాధగా తల ఊపాడు. "నమ్మి కాపలా పెడితే ఎంత ఘోరం చేశాడో చూడండి," అన్నాడు పక్కనున్న డాక్టరుతో.

జీపు కదిలింది. దాని వెనక జనం కదిలారు.

*

స్టేషను గేటు బయట ఎండలో అందరూ నిలబడ్డారు. కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లూ, ఆ కంప్యూటర్ల కింద ఊడ్చేవాళ్లూ ఒకచోట నిలబడటం అదే మొదలు. అదే భవనంలో వేరే అంతస్తుల్లో కాపలా కాసేవాళ్లు కూడా వచ్చారు, డ్యూటీ బట్టల్లోనే. అక్కడ కాపలా ఎవరు చూస్తున్నారని అడిగితే, "వాళ్ల తలుపులు వాళ్లే చూసుకుంటారు," అన్నారు.

"ఇంతమంది కుదరదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు గేటు దగ్గరికొచ్చి. "సొంతవాళ్లుంటే ఒక్కరు రండి. ఆయనకు ఎవరున్నారు?"

బాబాయ్‌కి ఎవరూ లేరు. తప్పులమ్మ అడుగు ముందుకు వెయ్యబోయింది. ఆమె కంటే ముందు గుంపు వెనక నుంచి జనం దారి ఇవ్వడం మొదలుపెట్టారు. గురువు భార్య నడిచి వస్తోంది. కబురందగానే ఏ చెప్పులు దొరికితే అవి వేసుకొచ్చినట్టుంది, అవి గురువువి. కాళ్లకు పెద్దవై టపటపలాడుతున్నాయి.

"నువ్వెవరమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తలుపు తియ్యక చనిపోయినాయన భార్యను."

ఇన్‌స్పెక్టరు మొహం మెత్తబడింది. "నీకు న్యాయం చేస్తామమ్మా. చేసినవాణ్ణి లోపలేశాం. ఇంటికెళ్లు."

"చేసినవాడు కారులో ఇంటికెళ్లాడు," అంది ఆమె. "మీరు లోపలేసినాయన ఒక్కడే నా గుమ్మానికొచ్చి నిజం చెప్పాడు. ఆయన మా మనిషి. ఆయన్ని బయటికి పంపండి. ఆయన ఖాళీ చేసిన చోట ఎవర్ని కూర్చోబెట్టాలో మేమొచ్చి చూపిస్తాం."

"అలా కుదరదమ్మా."

"అయితే కుదిరేదాకా ఇక్కడే ఉంటాం."

ఆమె గేటుకు అడ్డంగా కింద కూర్చుంది. ఆమె పక్కన తప్పులమ్మ కూర్చుంది. ఊడ్చే అక్క కొంగు బిగించి కూర్చుంది. ఆ పక్కన సరేబాబు కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు వేలు చూపించి, "నువ్వు! లే పైకి," అని సరేబాబును గద్దించాడు.

సరేబాబు తలెత్తి ఆయన వంక చూశాడు. "లేవను," అన్నాడు.