కల్నల్ గారి తాత

ఎండిన రొట్టె ముక్కతో పాత రిజిస్టరు మీది బూజును రుద్దుతోంది మావిస్ గ్రబ్. కోర్టు నేలమాళిగలో గాలి ఆడదు. పేజీ తిప్పినప్పుడల్లా చచ్చిన పురుగుల రెక్కలు ఒళ్లో రాలుతున్నాయి. ఆమె దులుపుకోవడం ఏనాడో మానేసింది.

పెళ్లీ పెటాకులూ లేవు. అద్దె గది, గ్యాస్ పొయ్యి, ఆదివారం చర్చి. కలిగినవాళ్ల వంశం వెతికిపెట్టడం ఆమె బతుకుతెరువు. వర్జీనియాలో ఆ పనికి కొదవ లేదు. ప్రతి ఇంటికీ ఇంగ్లండు నుంచి ఒక ప్రభువు దిగి ఉండాలి. పిచ్చెక్కి పోయిన బాబాయినీ, పెళ్లికి ముందే పుట్టిన బిడ్డనూ తీసెయ్యమంటే తీసేసేది. మారు మాట్లాడేది కాదు. అందుకే ఆమెకు మంచి పేరు.

మధ్యాహ్నం రెండుసార్లు చేతులు కడుక్కుని హాస్కెట్ల ఇంటికి బస్సెక్కింది. బూజు వాసన మాత్రం వేళ్లను వదల్లేదు. అమెరికా స్వాతంత్య్ర యుద్ధానికి ముందు ఆ ఇంటి పక్క నది ఒడ్డంతా కల్నల్ జొసాయా హాస్కెట్ పొగాకు తోటే. పండించింది ఆయన బానిసలు. ఇప్పుడు ఆయన పేర ఫలకం పెట్టించబోతోంది ముని మనవరాళ్ల సంతతిలోని లియొనోరా.

వరండాలో లియొనోరా, లాయరైన ఆమె మేనల్లుడు వార్నర్ కేకు తింటున్నారు. మావిస్‌కూ ఒక ముక్క పెట్టారు.

"చెప్పు పిల్లా, ఏ ప్రభువు తేలాడు?"

"ముందు కల్నల్ గారి సంగతి చెప్పాలి మేడమ్. బానిసగా ఉన్న ఒకామె వల్ల ఆయనకు కూతురు పుట్టింది. పాలపళ్లు ఊడే వయసైనా రాకుండానే ఆ పిల్లను అమ్మేశారు, బండికి గుర్రాల జత కొనడానికి."

వార్నర్ నోట్లో కేకు పెట్టుకునే నవ్వాడు. "గుర్రాలు మేలైనవే అయ్యుంటాయిలే. అప్పట్లో అందరూ చేసిందేగా అత్తా!"

"పాపం ఆయన భార్య, ఎంత ఓర్చుకుందో!" అంది లియొనోరా. పెదవి అంచున అంటిన పంచదార పాకాన్ని నాలుకతో తుడుచుకుంది. "అదంతా ఇంట్లో తెలిసిందే. ఇంకా పై తరానికి పో. ఆయన తాత ఎవరు?"

"గొర్రెల దొంగ మేడమ్. ఇంగ్లండులో జైల్లో వేసి, ఓడెక్కించి ఇక్కడికి తోలేశారు."

లియొనోరా రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. మొహం నిజంగానే పాలిపోయింది. "ఛీ ఛీ! దొంగా? మా రక్తంలోనా? వార్నర్, నాకు కడుపులో తిప్పుతోందిరా."

కన్నకూతుర్ని అమ్మాడని విన్నప్పుడు తిప్పని కడుపు! మావిస్ ఆ రుమాలు వైపే చూసింది. అంచున లేత నీలం కుట్టు. ఎంత శుభ్రంగా ఉందో.

"తీసెయ్. నువ్వు అందరికీ తీసేశావటగా," అంది లియొనోరా.

అవును, తీసేసింది. ఎందరినో. ఒడిలో పెట్టుకున్న చేతులు తనవి కానట్టు అనిపించాయి మావిస్‌కు.

"ఇంకెవరితోనైనా తీయించుకోండి మేడమ్," అని లేచింది. గొంతు పెంచలేదు.

"గడ్డి తినే మనిషికి ఇంత పొగరా!" అన్నాడు వార్నర్ వెనకనుంచి.

వంటింటి గుండా బయటికి వస్తుంటే నల్లజాతి వంటమనిషి లూటీ గడపకు అడ్డంగా నిలబడి ఉంది. చేతిలో తడి గుడ్డ. అన్నీ విన్నట్టుంది.

"అమ్మగారూ, ఆ పిల్ల పేరేమిటి?"

వరండాలో ఎవరూ అడగని మాట.

"ఫీబీ."

"ఫీబీ," అంది లూటీ నెమ్మదిగా. "తల్లి పేరు?"

"అది ఎక్కడా లేదు లూటీ. వెతికాను."

లూటీ తలూపి పక్కకు జరిగింది.

మావిస్ మళ్లీ కోర్టు మెట్లు దిగలేదు. ఆ వారంలోనే బాల్టిమోరులో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయి, టోపీల దుకాణంలో కుదిరింది. హాస్కెట్లకు వేరొకరు ప్రభువును వెతికిపెట్టారు.

ఆమె లేచి వెళ్లిన సాయంత్రం మాత్రం వరండాలో ఆమె కూర్చున్న కుర్చీ పక్కన, ఎండకు పాకం కారి పళ్లెం అంచుదాకా పాకిన, ఆమె ముట్టని కేకు ముక్క అలాగే ఉండిపోయింది, ఈగలు ముసురుతూ.