బిందెలో వరస

ఇత్తడి బిందెకి ఫోటో తీయడం పెళ్ళికూతురికి తీయడం కన్నా కష్టమని హరిబాబుకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదనుకోండి. విజయనగరంలో గంటస్తంభం దగ్గర స్టూడియో, ఎనిమిదేళ్లలో మూడొందల పెళ్ళిళ్లు, ఏడుపుమొహం పెళ్ళికొడుకుని సైతం నవ్వించే నేర్పు. అలాంటివాడికి బిందె ఒక లెక్కా? నవ్వమనక్కర్లేదు, తల ఎత్తమనక్కర్లేదు, మధ్యలో మేనత్తలు అడ్డం రారు. అలా అనుకునే రెండు బస్సులూ ఒక ఆటో మారి, శ్రీకాకుళం దాటి, కంచరివాళ్ల ఊళ్లో ఎర్రన్న గుమ్మం ముందు దిగాడు.

నిజం చెప్పేసుకుందాం. అతను దిగింది బిందెల కోసం కాదు. ఎర్రన్న కూతురు నీలవేణి కోసం. పోయిన నెలలో నెల్లిమర్ల పెళ్ళిలో ఆ పిల్ల ఆడపెళ్ళివారి గుంపులోంచి తిన్నగా అతని దగ్గరికొచ్చి, "లైటు ఎదురుగా కొట్టేస్తన్నారు, పెళ్ళికూతురి ముక్కు తప్ప ఇంకేటీ కనపడదు. పక్కకి తిప్పండి" అని చెప్పి వెళ్లిపోయింది. ఎనిమిదేళ్లలో అతని లైటుని పట్టించుకున్న మనిషి ఆవిడొక్కతే. లైటు పక్కకి తిరిగింది. అతని బుర్ర కూడా తిరిగింది. ఇప్పటిదాకా నిలవలేదు.

వారం కింద ఆమే ఫోన్ చేసింది. నాన్న చేసిన ఇత్తడి సామాన్లు ఆన్‌లైన్లో పెడుతున్నానని, ఇరవై సామాన్లకి మంచి ఫోటోలు కావాలని. తనే ఫోన్‌తో తీసిందట. ఒక బిందెలో తన నైటీ, నైటీ మీద పువ్వులతో సహా పడిందట. దాని కింద ఎవడో "బిందె ఎంత? నైటీ ఎంత?" అని రాశాడట. చెబుతుంటే హరిబాబు నవ్వాడు. అవతల నవ్వలేదు.

"ఒక్కటే మాట, ఫోటోగ్రాఫర్ గారూ," అంది ఇవాళ గుమ్మంలోనే. "బిందెలో మనిషన్నోడు కనపడకూడదు."

"ఎందుకు కనపడతాడండీ" అని లోపలికి నడిచాడు.

ముందుగది ఖాళీ చేసి, కిటికీ పక్కన బల్ల వేసి, దాని మీద పెద్ద బిందె పెట్టారు. హరిబాబు ఫ్లాష్ బిగించి టక్కుమని కొట్టాడు. చూసుకుంటే బిందె పొట్ట మీద కొబ్బరిచెక్కంత తెల్లటి మచ్చ. మచ్చ పక్కన కాళ్లు ఎడంగా పెట్టి, కెమెరా పట్టుకుని, పొట్టిగా లావుగా ఒక మనిషి. ఎవరో కాదు, తనే. ఫ్లాష్ పైకప్పుకి తిప్పి కొట్టాడు. మచ్చ పోయింది, మనిషి మిగిలాడు. వంగి తీశాడు, వంగిన మనిషి వచ్చాడు. బల్లకి దూరంగా గోడకి అతుక్కుని తీస్తే చిన్న మనిషి వచ్చాడు. వాడి వెనక కిటికీ, కిటికీలోంచి వీధి, వీధిలో ఒక గేదె కూడా వచ్చాయి.

పెళ్ళిళ్లలో చెమటకి ముక్కులు మెరిస్తే అతను వాడే మందు ఒకటుంది. బ్యాగులోంచి పౌడరు డబ్బా తీసి బిందెకి శుభ్రంగా అద్దాడు. మెరుపు చచ్చింది. మెరుపుతోపాటు బిందె కూడా చచ్చింది. అప్పుడే ఎర్రన్న లోపలికొచ్చాడు.

"ఏటి బాబూ ఇది? నాలుగు దినాలు సింతపండెట్టి తోమినాం, సేతులు కాయలు కాసిపోనాయి. మీరొచ్చి బూడిద పూసేసినారేటి?"

"పౌడరండి."

"ఏదైతే ఏటి? ఎవులైనా సూస్తే పాతగిన్నెలు అమ్ముతన్నామనుకోరూ?"

ఎర్రన్న తువ్వాలు తీసి, పసిపిల్ల మొహం తుడిచినట్టు బిందెని తుడిచి, గొణుక్కుంటూ వాకిట్లోకి పోయాడు. హరిబాబు సిగ్గుతో మళ్లీ స్టాండు మీద కెమెరాకేసి వంగాడు. అప్పుడు కనిపించింది.

బిందెలో, తన బుర్ర వెనకాల, తలుపుకి చేరబడి నీలవేణి నవ్వుతోంది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వుతోంది. చటుక్కున వెనక్కి తిరిగాడు. నవ్వు లేదు. చేతులు కట్టుకుని, పరీక్ష హాల్లో మేడంలా నిలబడి ఉంది.

"ఏటండీ?"

"ఏటీ లేదండీ. వెలుగు సూస్తన్నాను."

మళ్లీ బిందె వైపు తిరిగాడు. బిందెలో నీలవేణి మళ్లీ నవ్వింది. ఈసారి ఎగతాళి కాదు. మెల్లగా, తల కాస్త వాల్చి, ఇష్టమైన పిండివంటని చూసినట్టు అతని వీపుని చూస్తోంది. హరిబాబు గుండె గతుక్కుమంది, తర్వాత గంతులేసింది, ఆ తర్వాత ఏం చేసిందో దానికే తెలియాలి. ఆ బిందె అతనికి దేవుడిచ్చిన బిందె. మొహం మీద కనపడనిది వీపు వెనక కనపడుతోంది.

ఇక పని జరుగుతుందా! బిందెలో మనిషి కనపడకుండా చేయాలంటే ఏం చేయాలో అతనికి ఈపాటికి తట్టింది. చుట్టూ తెల్లబట్ట కట్టేస్తే బిందెకి బట్ట తప్ప ఇంకేదీ కనపడదు. కానీ బట్ట కట్టేస్తే తనకి నీలవేణి కనపడదు. కాబట్టి కట్టలేదు. ట్యూబులైటు ఆర్పించాడు, ఆ వెలుగుకి ఇత్తడి పచ్చబడిపోతోందన్నాడు. ఇత్తడి పచ్చగా కాక ఎర్రగా ఉంటుందా అని ఎవరూ అడక్కుండానే ఫ్యాను ఆపించాడు, స్టాండు అదురుతోందన్నాడు. బిందెని అంగుళం అటు జరిపాడు, అంగుళం ఇటు జరిపాడు. మధ్యాహ్నం పన్నెండైంది. ఒక్క ఫోటో లేదు.

అప్పుడు నీలవేణి నాయనమ్మ గున్నమ్మ ఒక పీట తెచ్చుకుని గది మధ్యలో కూచుంది. డెబ్భై ఏళ్ల మనిషి. కొత్తవాడు ఇంటికొస్తే అన్నం పెట్టడం కన్నా ముందు వరస తేల్చడం ఆవిడ వ్రతం.

"ఏ ఊరు బాబూ మీది? ఇంటిపేరేటి?"

అసలు గండం ఇదే. ఆ పిల్ల మనసులో ఏముందో బిందె చెప్పింది సరే. కానీ వరస కుదరాలి కదా! ఒకే కులం, నాలుగు ఊళ్ల చుట్టరికాలు. వరస అన్న అని తేలిందా, కథ కంచికే. అన్న వరసవాడు ఆ మాట మనసులో తలచుకోవడమే పాపం. ఇంటిపేరు చెప్పాడు. వాళ్లది వేరు. ఒక ఊపిరి పీల్చుకున్నాడు.

"మీ నాన్న పేరు?"

"ఈశ్వర్రావండి. నెల్లిమర్ల మిల్లులో సేసినాడు."

గున్నమ్మ కళ్లు మూసుకుంది. వేళ్లు మడిచింది. పెదాలు కదిలాయి. ఆవిడ బుర్రలో నాలుగు తరాలు బయల్దేరి నడుస్తున్నాయి. హరిబాబు కెమెరా పట్టుకుని బిగుసుకుపోయాడు.

"ఇంకేటి! ఈశ్వర్రావు మా ఎర్రన్నకి అన్న అవుతాడు. నువ్వు మా నీలవేణికి అన్నవిరా నాయనా!"

టక్కుమని కెమెరా అదే నొక్కుకుంది. ఆ ఫోటోలో బిందె రెండుగా వచ్చింది. అయినా సరే, హరిబాబు బిందెలోకి చూశాడు. చూడకుండా ఉండలేకపోయాడు.

బిందెలో నీలవేణి నవ్వడం లేదు. తలుపు చెక్కని చేత్తో పట్టుకుంది. కుండ పగిలి నీళ్లన్నీ పోయినట్టు మొహం ఖాళీ అయిపోయింది. తన వీపుకేసే చూస్తోంది.

ఎదుటి పిల్ల అంత బాధపడుతుంటే మంచివాడు బాధపడాలి. హరిబాబు మంచివాడే, కానీ ఆ క్షణంలో అతనికి ఏనుగెక్కినంత సంబరమైంది. అన్న అంటే ఆ పిల్లకి ఇష్టం లేదు! అన్న అన్నందుకు ఏడుపొస్తోంది! ఇంత మంచి వార్త ఈ ఎనిమిదేళ్లలో అతను వినలేదు. ఆ సంబరంలో, ఆ పిల్ల ముందు పెగలని నోరు పెగిలింది.

"మామ్మా, మా అమ్మ వైపు నుంచి కూడా ఒకసారి సూడండి. మా అమ్మది పొందూరు. పేరు దానమ్మ."

"దానమ్మా?" గున్నమ్మ కళ్లు తెరిచింది. "ఆగరా, ఆగు. పొందూరు దానమ్మ. దాని తల్లి మా పెత్తల్లి తోడికోడలి కూతురు కాదేటి! అంటే నాకు సెల్లెలు. అలగైతే దానమ్మ మా ఎర్రన్నకి సెల్లెలు. నువ్వు మా ఎర్రన్నకి మేనల్లుడివి. ఓలమ్మో! బావవిరా నువ్వు!"

"మరి అన్న వరస ఏటవుతాది మామ్మా?" అంది వెనక నుంచి నీలవేణి. గొంతు మేడం గొంతే. చివర్లో మాత్రం కాస్త జారింది.

"అదీ ఉన్నాది, ఇదీ ఉన్నాది. రెండు దార్లున్న ఊరికి ఏ దారైతే ఏటే? పిలుపుని బట్టే వరస. ఏది పిలుసుకుంటే అదే." గున్నమ్మ పీట పట్టుకుని లేచింది. "నాకాకలేస్తంది. బేగి తెముల్సండి."

గదిలో ఇద్దరే మిగిలారు. హరిబాబు చెవులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. అన్నయ్యా అంటుందా? బావా అంటుందా? దేవుడా, ఒక్క పిలుపు.

"ఫోటోగ్రాఫర్ గారూ," అంది నీలవేణి. "ఒంటిగంటయింది. ఇరవై సామాన్లకి ఒక్క ఫోటో లేదు. మీకు సేతనవుతాదా, లేదా?"

అతనికి రోషం పొడుచుకొచ్చింది. పిలుపు సంగతి తర్వాత, ముందు పని సంగతి. తనకి నచ్చిన పిల్ల ముందు చేతకానివాడు అనిపించుకోవడమా? ఎర్రన్నవి తెల్లపంచెలు మూడు అడిగాడు, ఒక పాత దోమతెర అడిగాడు. నాలుగు వెదురుకర్రలు కట్టి, బల్ల చుట్టూ, పైనా పంచెలు కప్పి తెల్లటి డేరా వేశాడు. కిటికీకి దోమతెర నాలుగు మడతలు వేసి కట్టాడు. ఎండ దానిలోంచి వడకట్టిన మజ్జిగలా మెత్తగా దిగింది. డేరాకి ముందు లెన్సు పట్టేంత చీలిక. కెమెరా దూరంగా స్టాండు మీద. బిందె తీసి ముందుగా ఒక చెంబు పెట్టి, లెన్సు కన్ను చిన్నది చేసి, చెయ్యి తగలకుండా టైమరు పెట్టాడు.

ఫోటో వచ్చింది. మనిషి లేడు, గేదె లేదు, మచ్చ లేదు. కానీ చెంబు గుండ్రంగా లేదు. చుట్టూ తెలుపే కావడంతో అంచులు తెలుపులో కరిగిపోయి, చపాతీలా బల్లపరుపుగా ఉంది.

"నలుపు గావాల," అన్నాడు హరిబాబు. ఇప్పుడతను సిగ్గు మర్చిపోయాడు, వరస కూడా మర్చిపోయాడు. "పక్కన నల్లటిదేదైనా నిలబెడితే దాని నీడ అంచు మీద గీతలాగా పడతాది. అప్పుడు పొట్ట గుండ్రంగా కనపడతాది. నల్లగొడుగుందేటి?"

నీలవేణి గొడుగు తెచ్చింది. తనే డేరాలో దూరి, బల్ల పక్కన ముడుచుకు కూచుని, గొడుగు విప్పి దాని వెనక దాక్కుంది. చెంబు అంచున సన్నటి నల్లగీత పడింది. ఒక్కసారిగా చెంబుకి ప్రాణమొచ్చింది. మెడ మెడలా, పొట్ట పొట్టలా, ఎర్రన్న సుత్తి దెబ్బలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత తేటగా.

"వచ్చింది!" అని అరిచాడు.

"సూపించండి!" అని లోపల్నుంచి అరుపు. కెమెరా చీలికలోకి తిప్పి చూపించాడు. నీలవేణి చెంబునీ ఫోటోనీ మార్చి మార్చి చూసింది. "మా నాన్న సేసినట్టే ఉన్నాది," అంది చివరికి. ఆ మాటకి హరిబాబు కాళ్లు నేల మీద లేవు.

చెంబులు, గంటలు, దీపపు కుందులు, బియ్యం కొలిచే అడ్డాలు, పళ్లేలు. ఒకటి తర్వాత ఒకటి. అతను బయట, ఆమె లోపల. "గొడుగు కాస్త వెనక్కి", "ఇంకాస్త", "ఆ, అంతే". పంతొమ్మిది సామాన్లు. ఒక్కదాన్లోనూ ఆమె చెయ్యి కాదు కదా, చున్నీ అంచు కూడా పడలేదు. అంత ఒద్దికగా దాక్కుంది. హరిబాబుకి పని బాగా సాగుతోందన్న సంతోషం ఒకవైపు, ఆ మొహం కనపడక వెలితి ఒకవైపు. వాకిట్లో ఎర్రన్న అయిన సామాన్లని గోనెసంచుల్లో సర్దుతున్నాడు.

నాలుగున్నరకి చివరిది మిగిలింది. పొద్దుటి పెద్ద బిందె. బల్ల మీద పెట్టి, హరిబాబు చీలికలోంచి చూశాడు. తెల్లటి వెలుగు, నల్లటి గీత, నిండుగా బంగారపు పొట్ట. దాని పక్కగా, గొడుగు సగం దించి, గడ్డం మోకాలి మీద ఆనించి, నీలవేణి.

తిన్నగా లెన్సులోకి చూస్తోంది.

బటన్ మీద వేలు అక్కడే ఆగిపోయింది.

"ఏటి, తియ్యరేటి?" అంది.

"మీరు... కనపడతన్నారు."

"పొద్దుట్నుంచీ కనపడతన్నాను కదా. అప్పుడు సెప్పలేదేటి?"

హరిబాబు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "మీకెలా తెలుసు?"

"మీరేం ఫోటోగ్రాఫరండీ?" డేరా లోపల గలగలా నవ్వు. "బిందెలో మీకు నేను కనపడితే, నాకు మీరు కనపడరేటి? మీరు ముందున్నారు, నాకన్నా పెద్దగా కనపడతన్నారు. వెలుగు సూస్తన్నానని వెనక్కి తిరగడం, మళ్లీ బిందెలో సూడ్డం. మామ్మ అన్న అన్నప్పుడు మీ మొహం సూసినాను. నా మొహం సూసి మీరు నవ్వడమూ సూసినాను."

ఎనిమిదేళ్లుగా అద్దాల మధ్య లైట్లు పెట్టుకు బతికేవాడికి ఈ సంగతి తట్టలేదు. తాను దొంగచాటుగా చూస్తున్నాననుకున్నాడు. ఇద్దరూ పొద్దుట్నుంచీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూనే ఉన్నారు, అతని వీపు ఆమె వైపున్నా సరే.

"ఇంక నొక్కు, బావా," అంది నీలవేణి. "కాళ్లు తిమ్మిరెక్కిపోతన్నాయి."

నొక్కాడు. దేనికి ఫోకస్ పెట్టాడో అతనికే తెలియదు.

వాకిట్లోంచి ఎర్రన్న కేకేశాడు. "ఏటి బాబూ, ఆఖరిది కుదిరిందా?"

"కుదిరింది మావా!" అనేశాడు హరిబాబు.

అనేశాకే వినపడింది. గోనెసంచి చప్పుడు ఆగిపోయింది. వంటింట్లోంచి గున్నమ్మ, "ఎవుల్రా అది, మావా అన్నది?" అని నవ్వుతూ బయటికొచ్చింది.