తీగ లేనిది వచ్చాక

నేను ఒక డ్రిల్లు మిషన్ను. బూడిదరంగు ఇనపగుల్ల, బరువైన ఒళ్ళు, పొడుగాటి నల్ల తీగ. ఆత్మకథ చెప్పుకునే వస్తువులు సాధారణంగా తమ సేవలూ త్యాగాలూ ఏకరువు పెడతాయి. నా దగ్గర అవీ ఉన్నాయి. కానీ వాటికంటే కుళ్ళు ఎక్కువ ఉంది. దాన్ని దాచిపెట్టి మిగతాది చెబితే ఈ కథ మీకు సగమే అర్థమవుతుంది. అందుకే ముందే చెబుతున్నాను.

ఏదో దూరపు ఊళ్ళో ఫ్యాక్టరీలో పుట్టాను. కడుపులో రాగితీగ చుట్టి, పళ్ళచక్రాలకు గ్రీజు పూసి, ఒకసారి గిర్రున తిప్పి చూసి, అట్టపెట్టెలో పడుకోబెట్టారు. పక్కనే ఒక చిన్న పుస్తకం కూడా పెట్టారు. నన్ను ఎలా వాడాలో, ఎలా వాడకూడదో బొమ్మలతో సహా అందులో ఉంది. దాన్ని ఎవరైనా చదివారా అని మాత్రం అడక్కండి. భీమవరంలో ఫ్యాన్లు బిగించే గుర్నాథం నా మొదటి యజమాని. ఆ పుస్తకాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న స్టూలు కాలి కింద దోపాడు. ఒకరకంగా అతని ప్రాణం ఆ పుస్తకమే కాపాడిందనాలి.

గుర్నాథం నన్ను మేకపిల్లను లాక్కెళ్ళినట్టు తీగ పట్టుకుని లాక్కెళ్ళేవాడు. అలా లాగీ లాగీ ప్లగ్గు ఊడిపోతే కొత్తది కొనే ఓపిక అతనికి లేకపోయింది. తీగ చివర్లు ఒలిచి, సాకెట్టు బెజ్జాల్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు దోపేవాడు. అదేమిటని ఇంటివాళ్ళు అడిగితే, "మాకు అలవాటేనండి" అనేవాడు. మనుషులు దేనికి అలవాటు పడితే అది ప్రమాదం కాదని వాళ్ళ నమ్మకం.

అక్కణ్ణించి నేను అద్దె సామాన్ల షాపుకు చేరాను. అక్కడ నాకు యజమాని ఒక్కడు కాదు, పూటకొకడు. నా ముక్కుకు బిగించి బెజ్జం వేసే ఇనప పుల్లల్లో, కాంక్రీటుకు వాడే పుల్లతో కొయ్యా, కొయ్యకు వాడే పుల్లతో గోడా తొలిచారు. దుమ్ముతో నా గాలి బెజ్జాలు పూడుకుపోయాయి. లోపల కార్బన్లు అరిగి, నోట్లోంచి నిప్పురవ్వలు రాలడం మొదలైంది. కార్బన్లంటే కరెంటును నా కడుపులోకి అందించే నల్లటి చిన్న ముక్కలు. బలపాల్లాగా అరుగుతాయి, అరిగినప్పుడు మార్చాలి. మార్చేవాళ్ళు లేక, కాలిన వాసన కొడుతూ, చివరికి షాపు వెనక తుక్కులో పడ్డాను.

పాలకొల్లు రామబ్రహ్మం నన్ను ఆ తుక్కులోంచి ఏరుకున్నాడు. కాలవ రోడ్డులో అతనికి తలుపులూ కిటికీలూ చేసే కార్ఖానా ఉంది. నన్ను కాగితం మీద పెట్టి, మరలన్నీ విప్పి, రంగులు వేసే కుంచెతో దుమ్మంతా దులిపి, కార్బన్లు బయటికి తీసి వెలుతురుకు పట్టి చూశాడు. "ఎంత అరగదీశార్రా దీన్ని, పాపం" అన్నాడు. అప్పటిదాకా నన్ను చూసి పాపం అన్నవాడు లేడు. కొత్త కార్బన్లు, కొత్త గ్రీజు, కొత్త తీగ, మూడు కాళ్ళ ప్లగ్గు. ఆ రోజునుంచి నేను అతని సొత్తునని అనుకున్నాను. అతను నా సొత్తని కూడా అనుకున్నాను. గొడవంతా అక్కడే వచ్చింది.

రామబ్రహ్మం పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. నాకు పుల్ల మార్చాలంటే ముక్కు వదులు చేయడానికి ఒక చిన్న తాళంచెవి కావాలి. దాన్ని అతను ప్లగ్గు దగ్గర, తీగ కొసన, గట్టి దారంతో కట్టేశాడు. తాళంచెవి నా ముక్కుదాకా రావాలంటే ప్లగ్గు గోడలోంచి ఊడి రావలసిందే. కరెంటు ఉండగా పుల్ల మార్చడమన్నది ఇక కుదరదు. ఆ పద్ధతి వాళ్ళ నాన్న నేర్పాడట. పని మొదలెట్టే ముందు మెడలో తువ్వాలు తీసేవాడు, వేలి ఉంగరం తీసేవాడు, కళ్ళద్దాలు పెట్టుకునేవాడు, చెక్కను బల్లకు బిగించేవాడు. మధ్యమధ్య నా ఒంటిమీద చెయ్యేసి, "జ్వరం వచ్చింది దీనికి" అని కాసేపు పక్కన పెట్టేవాడు.

అతని భార్య వరాలు అదే కార్ఖానాలో గరుకు కాగితంతో తలుపులు రుద్ది పాలిషు పెట్టేది. ఆయన నాకు జ్వరం చూడగానే ఆమెకు ఒళ్ళు మండేది. "నాకు నిజంగా జ్వరం వత్తే మాత్రం ఓ మాత్రేసుకుని పడుకో అంటారు" అనేది. ఒకటి రెండుసార్లు తానూ బెజ్జాలు వేస్తానంది. అతను నన్ను ఇవ్వలేదు. చెప్పొద్దూ, ఆమె ఉక్రోషం నాకు చెవిలో తేనె పోసినట్టుండేది. ఒక మనిషి నన్ను చూసి కుళ్ళుకోవడమంటే మాటలా!

అలా ఉండగా వరాలు తమ్ముడు సోమేశ్వర్ రాజమండ్రి నుంచి కొత్త కటింగు మిషను తెచ్చి బావగారికి బహుమతిగా ఇచ్చాడు. నీలంరంగు ఒళ్ళు, మెత్తటి రబ్బరు నడుం, కొయ్యను కోసే పళ్ళ చక్రం. నడిచేది బ్యాటరీ మీద.

"తీగా లేదు, తోకా లేదు బావా. బ్యాటరీ ఎక్కించు, స్విచ్చు తొయ్యి, అంతే" అన్నాడు సోమేశ్వర్.

రామబ్రహ్మం దాన్ని చేతుల్లోకి తీసుకుని ఇటూ అటూ తిప్పాడు. కొత్తగా పుట్టిన పిల్లను ఎత్తుకున్నవాడి మొహం అతనిది. "దూదిలా ఉందిరా" అన్నాడు. ఇన్నేళ్ళుగా అతని భుజం నొప్పెట్టేలా బరువు మోయించిన నాకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

చక్రం మీద సగం కప్పుతూ ఒక ఇనప డొప్ప ఉంటుంది. గార్డు అంటారు. సోమేశ్వర్ మొదటిరోజే దాన్ని విప్పేశాడు.

"అదెందుకు తీసేత్తున్నావు?" అన్నాడు రామబ్రహ్మం.

"అడ్డం బావా. గీసిన గీత కనపడదు."

"పనయ్యాక మళ్ళీ బిగించెయ్యి."

"బిగిద్దాంలే."

ఆ గార్డు నా పక్కనే మేకుకు వేలాడింది. రోజూ కలిసి వేలాడుతూ మేమిద్దరం కొత్తదాని వైభవం చూస్తూ ఉండేవాళ్ళం. చెక్కలు కోయడానికి అది, అంచులు సరిచేయడానికి అది, చివరికి పక్కింటివాళ్ళ పంపు గొట్టం కోయడానికీ అదే. వచ్చిన ప్రతివాడికీ దాన్ని చూపించడం. రామబ్రహ్మం దాన్ని పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. నా గాలి బెజ్జాల్లో పొట్టు పేరుకుపోయినా నా వైపు చూసినవాడు లేడు. నాకు కడుపు మండిపోయేది. ఎప్పుడైనా నన్ను చేతికి తీసుకుంటే, మొరాయించాలనిపించేది. కానీ ఏం లాభం, అతని వేలు తగలగానే తిరిగేసేదాన్ని.

కుళ్ళుకునేవాళ్ళకు ఎదుటివాళ్ళ తప్పులు బాగా కనిపిస్తాయి. నాకు ఒకటి కనిపించింది. కొత్తదానికి చక్రం మార్చాల్సి వచ్చినప్పుడల్లా రామబ్రహ్మం చెయ్యి అలవాటుగా ప్లగ్గు కోసం వెనక్కి వెళ్ళేది. అక్కడ ప్లగ్గు దొరకదు. ప్లగ్గు లేదు కాబట్టి కరెంటూ లేదన్నట్టు ఆ చెయ్యి ముందుకు వచ్చేసేది. బ్యాటరీ మాత్రం దాని కడుపులోనే ఉండేది. ఇన్నాళ్ళ అతని జాగ్రత్తంతా తలలో లేదు, నా తీగలో ఉంది. తీగ లేని చోట అది లేదు. ఎప్పుడో ఒకప్పుడు ఆ కొత్తది పరువు పోగొట్టుకుంటుందని నేను కాచుక్కూచున్నాను. పోయే పరువు దానిదే గానీ తెగే చెయ్యి ఎవరిదో నాకు తట్టలేదు.

దసరా వచ్చింది. ఆ రోజు కార్ఖానాలో పనిముట్లకు పూజ, సెలవు కూడా. రామబ్రహ్మం అన్ని ప్లగ్గులూ పీకి, తీగలు చుట్టి, గోడమీది మెయిన్ స్విచ్చు కూడా దించేస్తాడు. పూజలో ఉన్న పనిముట్టు పొరపాటున కూడా తిరగకూడదని వాళ్ళ ఇంటి ఆచారం. పసుపు రాసిన పీట మీద ఎప్పుడూ నాదే నడిమి చోటు. ఆ ఏడాది నన్ను పక్కకు జరిపి ఆ చోట కొత్తదాన్ని పెట్టాడు. పెద్ద బంతిపూల దండ దానికి, రెండు విడిపూలు నాకు. నాకు మొహం ఉండి ఉంటే అక్కడే మాడి మసైపోయేది.

వరాలు కుంకుమ భరిణె పట్టుకుని నిలబడింది. గంధం పెట్టే ముందు చక్రం మీద అంటిన జిగురు తుడుద్దామని రామబ్రహ్మం కొత్తదాన్ని ఎడమచేత్తో నడుం దగ్గర పట్టుకున్నాడు. కుడిచేతిలో తడిగుడ్డ.

"జాగర్తండీ" అంది వరాలు.

"మెయిన్ దించేశాను కదే" అన్నాడు.

నిజంగానే దించేశాడు. లోకంలో ఉన్న కరెంటంతా ఆ గోడలోంచే వస్తుందని నమ్మినవాడు అంతకంటే ఏం చేస్తాడు? గట్టిగా రుద్దుతుంటే ఎడమ బొటనవేలు స్విచ్చు మీదికి జరిగింది. చక్రం తిరిగింది. గుడ్డను లాక్కుంది, గుడ్డతోపాటు రెండు వేళ్ళను లాక్కుంది. గార్డు ఉండి ఉంటే గుడ్డ దానికి తట్టుకుని ఆగేదేమో. గార్డు మేకుకు వేలాడుతోంది.

వరాలు కుంకుమ భరిణె వదిలేసింది. కింద ఏది కుంకుమో ఏది నెత్తురో తెలియలేదు. పమిట చింపి చేతికి గట్టిగా చుట్టి, ఎవరిదో ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నేను పీట మీదే ఉండిపోయాను. నేను కోరుకున్న పరువునష్టం నా కళ్ళముందే జరిగింది. నాకు ఒక్క చుక్క సంతోషం కూడా కలగలేదు.

వేళ్ళు రెండూ నిలిచాయని, వంగుతాయో లేదో మాత్రం కట్లు విప్పాక గానీ చెప్పలేమని డాక్టరు అన్నాడట. వడ్రంగికి వంగని వేలు ఉంటే ఎంత, లేకపోతే ఎంత? కార్ఖానా అంతా ఆ ఒక్క సంగతి కోసం ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

ఆ రోజుల్లో చూడవచ్చినవాళ్ళంతా కార్ఖానాలోకి తొంగిచూసి ఒకటే అడిగేవాళ్ళు: "కరిచింది ఏది?" కరిచినదానికి ఎంత పేరు! ఇన్నేళ్ళూ అతని గోటికి కూడా దెబ్బ తగలనివ్వని నా గురించి ఒక్కడైనా అడిగితే ఒట్టు. అంత దుఃఖంలోనూ నాకు కుళ్ళు పోలేదు, ఏం చేయను.

సోమేశ్వర్ తలొంచుకుని వచ్చాడు.  వరాలు మేకుకున్న గార్డు తీసి అతని చేతిలో పెట్టి, "బిగించు" అంది. బిగించేదాకా ఎదురుగా నిలబడింది. తర్వాత బ్యాటరీ ఊడదీసి బీరువాలో పెట్టించి, "పని ఉంటేనే అది బయటికొత్తాది. పనైపోగానే మళ్ళీ లోపలికే" అంది. ఒప్పుకున్న తలుపులు మధ్యలో ఆగిపోయి ఉన్నాయి. సోమేశ్వర్ కోత పని చూసుకున్నాడు. బెజ్జాలు ఎవరు వేస్తారు? వరాలు జడ ముడేసుకుంది, పమిట నడుముకు బిగించింది, గాజులు తీసి కిటికీలో పెట్టింది, మొగుడి కళ్ళద్దాలు పెట్టుకుంది. నన్ను దించి, ముందు గాలి బెజ్జాలు దులిపింది. ఇన్నాళ్ళూ పాలిషు పెడుతూ ఆమె అతని పనిని ఎంత బాగా గమనించిందో అప్పుడు తెలిసింది.

కట్లు విప్పారు. చూపుడువేలు వంగలేదు. మధ్యవేలు సగం వంగింది.

రామబ్రహ్మం కార్ఖానాకు వచ్చిన పొద్దున నేరుగా నా దగ్గరికే వచ్చాడు. నన్ను ఎత్తాడు. నా మీట నొక్కాల్సింది చూపుడువేలే. అది కర్రలా బయటికి నిలబడిపోయింది. మధ్యవేలితో ప్రయత్నించాడు. నా బరువు ఆపలేక నన్ను బల్లమీద పెట్టేశాడు. కొత్తదాన్ని తీసుకున్నాడు. తేలిక కదా, స్విచ్చు బొటనవేలితో తోస్తే చాలు కదా. పని కాగానే బ్యాటరీ ఊడదీశాడు, చక్రం ఆగేదాకా చూశాడు, గార్డు తట్టి చూశాడు. నన్ను చూడకుండానే అందుకునేవాడు, దాన్ని మాత్రం అంతసేపు చూశాడు. భయంతోనే అనుకోండి. ఆ చూపు కోసం నేను ఎంతైనా ఇచ్చేదాన్ని.

నేను వరాలు చేతికి పోయాను. మొన్న ఆమె ఒక వాకిలి తలుపుకు గడియ బెజ్జం వేస్తుంటే రామబ్రహ్మం బల్ల పక్కన నిలబడి చూస్తున్నాడు.

"అంత గట్టిగా నొక్కకే. దానికి ఊపిరాడదు" అన్నాడు.

"నాకు తెలుసులెండి."

"ఏదీ, ఇలా తే."

వరాలు నన్ను ఆపి ఇచ్చింది. అతను పట్టుకున్నాడు. వేలు ఎప్పటిలాగే బయటికి నిలబడింది. తిరిగి ఆమె చేతిలో పెట్టేశాడు. అయినా పక్కకు పోలేదు. ఆమె మళ్ళీ మొదలెట్టింది. అతను ఆమె చేతినే చూస్తున్నాడు. నా మీట మీద సులువుగా వంగిన ఆమె చూపుడువేలిని చూస్తున్నాడు.

"మెల్లిగా చెయ్యవే. అది నాది" అన్నాడు.

 వరాలు తలెత్తి చూసి, మళ్ళీ బెజ్జం మీదికి వంగింది.

అతని చూపు నాకు కొత్తది కాదు. గోడకు వేలాడుతూ కొత్తదాన్ని నేను చూసిన చూపే అది. దాని మంట ఎంత ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు? అతన్ని చూసి జాలి వేసింది. సంతోషం కూడా వేసింది. రెండింటిలో ఏది ఎక్కువని అడిగితే, అబద్ధం ఎందుకు, సంతోషమే ఎక్కువ.