బోణీ శాలువా

బాలాత్రిపురసుందరి బేరమాడుతుంటే భర్త గంగరాజు నోరు విప్పకూడదు. అది వాళ్లింటి చట్టం. ఏలూరులో చీరలైనా, మండవల్లిలో వంకాయలైనా, ఆయన కాస్త ఎడంగా, మాకిదేం అక్కర్లేదన్న మొహం పెట్టుకుని నిలబడాలి. పాపం, ఆ మొహం పెట్టడం కూడా ఆయనకు చేతకాదు. అడిగినంతా ఇచ్చేసే మనిషి. ఎప్పుడైనా ముచ్చటపడి ఏదైనా తెస్తే, చేతిలోకి తీసుకోకముందే "ఎంత పెట్టారండీ?" అనేది సుందరి. చెప్పగానే ముచ్చట కాస్తా ఆవిరైపోయి, ఆయన మోసపోయిన కథ ఒక్కటే మిగిలేది. తాను కొన్నది ఆమె ఒక్కసారైనా మనసారా సంతోషంగా వేసుకుంటే చూడాలని ఆయన ఆశ.

ఈ ఏడు చేపల మేత డీలరు తన దగ్గర మేత కొనే గంగరాజు లాంటి రైతులందరినీ భార్యలతో సహా బ్యాంకాక్ తీసుకెళ్లాడు. మిగతావాళ్లు గుళ్లూ గోపురాలూ చూశారు. సుందరి రోడ్డు పక్క బజార్లు చూసింది. భాష రాకపోతేనేం, కాలిక్యులేటరు అటూ ఇటూ చేతులు మారితే చాలు. మర్నాడు తెల్లారగానే భర్తను లేపేసింది.

"బోణీ వేళకి వెళ్లాలండీ. తొలి బేరం ఎవరూ వదులుకోరు."

అప్పుడే కొట్టు సర్దుకుంటున్న ఒక ముసలావిడ దగ్గర వంగపండు రంగు పట్టు శాలువా సుందరి కంటపడింది. ఆవిడ అంకె చూపించింది. సుందరి అందులో మూడో వంతు నొక్కింది. ఆవిడ నవ్వి తల అడ్డంగా ఊపింది. సుందరి శాలువా అక్కడ పడేసి చరచరా నడిచింది. మన దగ్గరైతే రెండు కొట్లు దాటేలోపే "రండమ్మా, ఇచ్చేస్తాను" అని పిలుపు రావాలి. ఇక్కడ రాలేదు. ముసలావిడ మర్యాదగా దణ్ణం పెట్టి తన పని తాను చూసుకుంది. తానై వెనక్కి వెళ్తే సుందరి పరువేం కాను? వెళ్లలేదు. కానీ మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. వద్దని వచ్చేసిన వస్తువు వంక ఆమె అలా చూడటం గంగరాజు ఎన్నడూ ఎరగడు. ఆయన ప్రాణం ఉసూరుమంది.

హోటల్లో అందరూ టిఫిన్లు చేస్తుంటే, మాత్రలు కొనుక్కొస్తానని చెప్పి బయటపడ్డాడు. అడిగినంతా ఇచ్చాడు. ఆవిడ ఆ నోట్లను మిగతా శాలువాలన్నింటికీ తాకించి మురిసిపోయింది. బోణీ అన్నమాట. ఏ దేశమైనా బోణీ బోణీయే అనుకున్నాడు గంగరాజు. హోటలుకి వచ్చి శాలువా సుందరి ముందు పెట్టాడు.

"ఎంత పెట్టారండీ?"

"సగానికే ఇచ్చిందే," అని అబద్ధమాడేశాడు.

సుందరి మొహం వెలిగిపోయింది. శాలువా అక్కడే భుజాన వేసుకుంది. గంగరాజు కడుపు నిండింది గానీ, ఆ నిండుదనం కాఫీ తాగేంత సేపైనా నిలవలేదు. మావారు సగానికి తెచ్చారని ఆమె హాలంతా చెప్పేసింది. సుందరి పిన్నిగారని పిలిచే వీరరాఘవమ్మ గారితో సహా ఆడవాళ్లందరూ తలా ఒకటి కొనడానికి బయల్దేరారు. దారి చూపించమని గంగరాజునీ వెంటబెట్టుకుని బస్సెక్కారు.

ముసలావిడ అందరికీ పాత అంకే చూపించింది.

"సగానికే కదండీ, గంగరాజుగారూ?" అంది వీరరాఘవమ్మ.

ఆయన ఆడవాళ్ల వెనక్కి తప్పుకోబోయాడు. ఈలోగా ముసలావిడ ఆయన్ని గుర్తుపట్టింది. సంతోషంగా ఆయన్నీ, సుందరి భుజం మీది శాలువానీ చూపించి, ఇంతే ఇచ్చాడన్నట్టు ఆ అంకెనే వేలితో తట్టి చూపింది. సుందరి చూసింది. భర్త వంక చూసింది. ఆయన తల దించుకున్నాడు.

మిగతావాళ్లకి అర్థమయ్యేలోగా సుందరి చప్పున కాలిక్యులేటరు మీద అరచెయ్యి మూసింది.

"ఆయనది బోణీ బేరం కదండీ, పిన్నిగారూ. బోణీ అయిపోయాక ఇంకెందుకు తగ్గిస్తుంది?"

నిజమే కదా అనుకున్నారు అందరూ. బోణీ సంగతి తెలియనివాళ్లెవరు?

తిరుగు బస్సులో సుందరి శాలువా అంచు వేళ్లతో సవరిస్తూ కూర్చుంది. తిట్లు ఎక్కడ మొదలవుతాయోనని గంగరాజు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"అడిగినంతా ఇచ్చేశారా?" అంది చివరికి.

"ఇచ్చేశాను."

"కాస్త తగ్గించమని కూడా అనలేదా?"

"అనలేదే. నువ్వు వెనక్కి తిరిగి చూశావు కదా. ఇంక నాకు బేరమాడబుద్ధి కాలేదు."

సుందరి శాలువా మీదికి లాక్కుని, ఆయన భుజానికి ఆనుకుని కూర్చుంది. బస్సు హోటలు దాకా వచ్చేసరికి మోచేత్తో ఆయన్ని మెల్లగా పొడిచింది.

"ఏదీ, నేను వెనక్కి తిరిగి చూసిన దగ్గర్నుంచి మళ్లీ చెప్పండి."