నాలుగో మెట్టు

లారీలు తూచే కాటా గదిలో పెద్దాయన అడిగింది ఒక్కటే. వేలితో నొక్కే తెర మీద ‘తూకం’ బటన్ కుడివైపు పైమూల నుంచి ఎడమవైపు కిందికి, కిటికీ పక్కకు రావాలి. బటన్ కోసం తల తిప్పితే లారీ చక్రం కాటా అంచు దాటినా ఆయనకు కనబడదు.

“లారీ మీద ఒక కన్ను, బటన్ మీద ఒక కన్ను. నాకు మెల్లకన్ను లేదమ్మాయ్. ఉంటే నిన్ను పిలిచేవాణ్ణే కాదు.”

ప్రోగ్రామ్ సరిచేయడానికి వచ్చిన ఆమె నవ్వి, తెర మీద కిందివైపు ఒక కొత్త చట్రం చేసి బటన్‌ను అందులో పెట్టింది. నొక్కింది. తూకం పడలేదు, ఎర్ర అక్షరాలు పడ్డాయి. బయట మూడు లారీలు ఆగి ఉన్నాయి. ఈ బటన్ గొడవ మధ్యాహ్నంలోగా తేలకపోతే ప్రోగ్రామే తీసేసి మళ్లీ చేత్తోనే రాసుకుంటామని యజమాని పొద్దున్నే తెగేసి చెప్పాడు.

తప్పు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ ప్రోగ్రామ్ రాసింది ఆమెకు పని నేర్పిన సీనియరే. బటన్ నొక్కగానే అది తనను పట్టుకున్న పేరెంట్ పెట్టెను అడుగుతుంది, ఆ పెట్టె తన పైదాన్ని, అది దాని పైదాన్ని. మూడో మెట్టు మీద అసలు విండో ఉంటుందని, తూకం గడి అక్కడే ఉంటుందని దాని నమ్మకం. కొత్త చట్రం మధ్యలో చేరేసరికి మూడో మెట్టు మీద విండోకు బదులు ఇంకో పెట్టె ఎదురైంది. దానికి తూకం సంగతే తెలియదు.

ఫోన్‌లో సీనియర్ తేలిగ్గా తీసేశాడు. “ఓస్, అంతేనా. ఇంకో మెట్టు ఎక్కించు. అయిపోతుంది.”

“రేపు ఆయన మళ్లీ జరపమంటే?”

“అప్పుడు ఐదు చేద్దువుగాని. నన్నడుగు, చెబుతాను.”

నన్నడుగు. ఆ మాట దగ్గర ఆమె ఆగిపోయింది. రెండేళ్లుగా ఏ చిక్కు వచ్చినా ముందు తన వేళ్లు ఫోన్ మీదికే పోతున్నాయి. పైన ఆయన ఉంటాడన్న లెక్క. ఆ లెక్క తప్పితే ఏమవుతుందో ఎన్నడూ ఆలోచించలేదు. ఆలోచించకపోవడంలో ఒక సుఖం ఉండేది, అంతే.

“వద్దండి. వేరేలా చేస్తాను,” అంది. ఆ మాట ఇంత తేలిగ్గా వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఫోన్ పెట్టేసి మెట్లన్నీ తుడిచేసింది. బటన్ పుట్టేటప్పుడే విండో దాని చేతిలో ఒక కబురు పెట్టేలా రాసింది: నిన్ను నొక్కితే ఈ పని నాచేత చేయించు. ఇక బటన్ ఏ మూల ఉన్నా ఎవరినీ వెతుక్కుంటూ పైకి ఎక్కనక్కర్లేదు. ప్రోగ్రామ్‌లో పన్నెండు వరుసలు పోయి రెండు మిగిలాయి.

“ఇప్పుడు నొక్కండి బాబాయ్.”

తూకం పడింది. మొదటి లారీ కదిలింది.

“ఇంకాస్త ఇటు.”

మరో చట్రంలోకి జరిపింది. రెండో లారీ తూకమూ పడింది.

“కొంచెం పైకి.”

“దిండు సర్దించుకుంటున్నారా బాబాయ్?”

“రోజుకి రెండొందల సార్లు నొక్కేది నువ్వా, నేనా?”

ఆమె బటన్‌ను పైకి జరిపింది.

మూడో లారీ కాటా ఎక్కింది. పెద్దాయన కళ్లు వెనక చక్రం మీదే ఉన్నాయి, చెయ్యి దానంతటదే వెళ్లి నొక్కింది. అంకె పడింది. అప్పుడే సీనియర్ ఫోన్.

“నాలుగు చేశావా?”

“లేదండి. మెట్లే తీసేశాను. సాయంత్రం వచ్చి ఎలాగో మీకు చూపిస్తాను.”