కరెంటు లేని వేళ

సిరిసిల్లలో బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన ఏడాది. మస్కట్‌లో పనిచేసే భర్త సదానందంతో రోజూ మాట్లాడాలని ప్రవళిక పాత కంప్యూటర్ కొన్నది, కరెంటు కోతల కోసం దానికో బ్యాటరీ కూడా. ఇక నెట్టు ఎవరి దగ్గర తీసుకోవాలన్నదే తేలలేదు.

కేబుల్ ఓంప్రకాశ్ గుమ్మంలో నిలబడి గట్టిగా అరుస్తున్నాడు. లోపల మరమగ్గాల మోత అట్లాంటిది.

"నెలకు మూడొందలే వదినా. టెలిఫోనోళ్లు ఐదొందలు గుంజుతరు."

"కరెంటు పోతే?"

"స్తంభం మీది మా డబ్బా బందైతది. అందరికీ పోయేదే గద, ఫికరెందుకు?"

"మరి టెలిఫోనోళ్లదైతే?"

"ఎక్స్‌ఛేంజిల జనరేటరుంటది. గని రెండొందలు తేడా, జర సోంచాయించు."

ప్రవళిక ఆలోచించింది. ఆమె మగ్గాలు ఆగేది మధ్యాహ్నం కోతలోనే. సదానందానికి తీరికా అప్పుడే. ఐదొందలదే పెట్టించుకుంది.

మొదటి రోజు కోత పడగానే వాడంతా నీళ్లలో మునిగినట్టు సద్దుమణిగింది. కిటికీ ఎండలో దూది నూగు మెల్లగా దిగుతోంది. స్పీకర్లో సదానందం గొంతు పక్కగదిలోంచి వచ్చినంత దగ్గరగా వినిపించింది.

"అది మనిల్లేనా? సప్పుడే లేదు."

"కరెంటు పోయింది."

"గింత నిమ్మలముంటదా? కోత పడితే నేను చాయ్‌కు పోయేటోణ్ని గద."

"అందుకే నువ్వెన్నడు ఇనలే."

"జరసేపు మాట్లాడకు. ఇననియ్యి."

ప్రవళిక మైకును కిటికీలో పెట్టింది. రేకుల మీద పిచ్చుకలు నడుస్తున్న చప్పుడు మస్కట్ దాకా వెళ్లింది.