చాటింపు నమ్మి వచ్చినవాళ్లు

నైజాం సర్కారు అప్పుడే కూలిపోయింది. జొన్నచేలు మనిషిని మించి ఎదిగి ఉన్నాయి. సిరివంచపల్లె వీధుల్లో అంతయ్య డప్పు కొడుతూ వచ్చాడు. వెనక దొర గుమస్తా, అతని వెనక తుపాకులతో పోలీసులు.

"ఇనుండ్రి, తుర్కోళ్లంత ఇనుండ్రి! భయపడేటిది లేదు. చేన్లల్ల దాక్కున్నోళ్లు, గోదారి ఒడ్డుకు ఉరికినోళ్లు ఇండ్లకు రాండ్రి. చావడి కాడికి రాండ్రి. పోలీసోళ్లు మిమ్ముల కాపాడుతరు. దొర హుకుం!"

మాట దొరది, నోరు అంతయ్యది. ఊరి వెట్టి మాదిగ పని అదే. నోట్లో పెట్టిన మాటను మోసి, వీధి చివర దించి రావాలి. నిజమా అబద్ధమా అని అడిగే హక్కు అతనికి లేదు. ఆ రోజు కూడా మోశాడు. ఊరి చివర డప్పు ఆపి తిరిగి వస్తుంటే జొన్నచేను లోపల నుంచి ఒక గొంతు వినిపించింది.

"అంతన్నా, నిజమేనా?"

దూది ఏకే ఇబ్రాహీం గొంతు అది. చలికాలం అంతయ్య కప్పుకునే బొంతలోకి దూది ఏకి పెట్టింది ఇబ్రాహీం. పీర్ల పండుగకు ఇబ్రాహీం పీరు ఎత్తుకుంటే ముందు డప్పు కొట్టేది అంతయ్య. పీర్ల ముందు నిప్పుల గుండం చుట్టూ ఇద్దరూ కలిసి ఆడినవాళ్లే.

"నిజమే తమ్మీ. నా మాట మీద రా."

దొర చెప్పమనని మాట ఆ చాటింపులో అదొక్కటే.

వాళ్లు వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు, మంచుకు తడిసిన బట్టలతో, జొన్నాకు కోసిన చేతులతో చావడి దగ్గరికి వచ్చారు. పోలీసులు పశువుల తాళ్లతో వాళ్ల చేతులు కట్టారు. గోదావరి దారి పట్టించారు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా జరిగింది ఇది. ముత్తయ్య అనే రైతు ఎద్దుల పగ్గాలు పట్టుకుని నిలబడి చూశాడు. బుచ్చవ్వ బిందె చంకలో పెట్టుకుని చూసింది. చూసినవాళ్లంతా ఇళ్లలోకి పోయి గొళ్లాలు పెట్టుకున్నారు. కాసేపటికి ఏటి దిక్కు నుంచి తుపాకుల చప్పుడు వినిపించింది. తాళ్లు పట్టుకుని పోయిన పోలీసులు ఒట్టి చేతులతో తిరిగి వచ్చి, కోటలాంటి దొర గడిలో చల్ల తాగి వెళ్లిపోయారు. ఏరు నిండుగా పారుతోంది. ఒక్క శవం కూడా దొరకలేదు.

పట్నంలో చదువుకునే తమ్ముళ్లు ఈ కథ చెప్పే నన్ను అడుగుతుంటారు, జనం పోలీసులను ఎందుకు నమ్మరని. ఏ జనం అని నేను తిరిగి అడుగుతాను. గడిలో ఉన్న జనం ఎప్పుడూ నమ్మారు. నిన్నటి దాకా ఆ గడిలోనే రజాకార్లకు కోళ్లు కోసి వండారు. నైజాం పడగానే దొర నైజాం కాలపు రూమీ టోపీ తీసి పెట్టెలో పెట్టి కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకున్నాడు. అతని మీద ఈగ వాలలేదు. రజాకార్లు ఊరి మీద పడినప్పుడు ముత్తయ్య బిడ్డలను తన ఇంట్లో దూది బోరాల వెనక దాచిన ఇబ్రాహీం మాత్రం ఏట్లో కలిసిపోయాడు. కొత్త సర్కారు మొదట చేసిన న్యాయం ఇది.

ఆ తర్వాత ఆ ఊరు మామూలుగా లేదు. ఏటి దారిలో నడవడం మానేశారు. చాకలివాళ్లు రేవు మార్చుకున్నారు. పొద్దువాలే వేళ ఇబ్రాహీం ఇంట్లో నుంచి దూది విల్లు మోగేది. చచ్చినవాడు వచ్చి దూది ఏకుతున్నాడని ఆడవాళ్లు గుసగుసలాడారు. వాకిళ్లకు వేపకొమ్మలు కట్టుకున్నారు. నిజానికి విల్లు పట్టింది అతని భార్య సుల్తాన్ బీ. పొట్ట గడవాలి గదా! వెళ్లి చూస్తే ఆ సంగతి తెలిసిపోయేది. కానీ వెళ్తే ఆమె కళ్లలోకి చూడాలి. దయ్యమని అనుకోవడమే ఊరికి సులువైంది.

అంతయ్య చావులకు కొట్టాడు, పెళ్లిళ్లకు కొట్టాడు. సుల్తాన్ బీ ఇల్లున్న వీధి మొదట్లోకి రాగానే అతని చేతులు వాటంతటవే ఆగిపోయేవి. ఏటా జొన్నలు ఎదిగే కాలంలో చేల గట్టున నడవకుండా రాళ్ల దారిన చుట్టు తిరిగి పోయేవాడు. చేను లోపల నుంచి ఎవరో అడుగుతున్నారని భార్యతో అనేవాడు. ఏమడుగుతున్నారో మాత్రం చెప్పేవాడు కాదు.

రెండేళ్లు తిరిగాయి. దొరల మీద తిరగబడిన సంఘం రోజుల్లో పాలేర్లు దున్నుకున్న భూములను దొర మళ్లీ గుంజుకోవడం మొదలుపెట్టాడు. నాగళ్లు విడవబోమన్న సంఘం పిల్లలు గోదావరి దాటి ఆదిలాబాదు అడవుల్లోకి పోయారు. వాళ్లలో బుచ్చవ్వ ఒక్కగానొక్క కొడుకు రాజం ఉన్నాడు. వాళ్లను పట్టడానికి గడిలో పోలీసు క్యాంపు దిగింది. దాని మీద కొత్త అమీను, పోలీసుల పెద్ద. నుదుట బొట్టు, మెత్తని మాట. బుచ్చవ్వ అతనికి చల్ల ముంత తీసుకుపోయి ఇచ్చేది.

ఒకనాడు అమీను అంతయ్యను పిలిపించాడు. అడవిలో ఉన్నవాళ్లు చావడి దగ్గరికి రావాలని, వస్తే కేసులుండవని, పోలీసులు కాపాడుతారని రేపు పొద్దున చాటాలన్నాడు. పరాయి ఊరి డప్పయితే ఎవడూ నమ్మడని, అంతయ్యే కొట్టాలని దొర పక్కనుంచి అందించాడు. ఎందుకు నమ్ముతారో ఆ పెద్దమనిషికి బాగా తెలుసు.

అంతయ్య గడి నుంచి ఇంటికి పోలేదు. నేరుగా సుల్తాన్ బీ వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. ఆమె విల్లు పక్కన పెట్టింది. తల మీద, కనుబొమల మీద దూది పింజలు.

"లోపటికి రా అన్నా."

అతను రాలేదు. గడప అవతలే నిలబడి అమీను మాటలు చెప్పాడు. ఆమె కనుబొమల మీది దూది తుడుచుకుంది.

"నాకెందుకు చెప్తున్నవు?" అంది. "నేను ఇన్న మాటలే గదా ఇవి. పోయి ఊరికి చెప్పు."

ఆ మధ్యాహ్నం మాదిగవాడలో కళ్లం మీద జనం కూడారు. కాపులు, కల్లు గీసే గౌండ్లవాళ్లు ఒక పని కోసం మాదిగవాడకు నడిచి రావడం అదే మొదలు. సుల్తాన్ బీ వచ్చి ఒక పక్కన కూర్చుంది. ఆమె చుట్టూ జాగా ఖాళీగా ఉండిపోయింది.

బుచ్చవ్వ ముందు లేచింది. "కొట్టు అంతయ్యా! నా కొడుకు ఇంటికొస్తడు. గప్పుడు తుర్కోళ్లను సంపిండ్రంటే గది వేరే. రజాకార్ల మీది కోపం వీళ్ల మీద తీర్సుకున్నరు. గిప్పుడు సర్కారు మనది, అమీను మన తెలుగాయన. మన పిల్లలను మనోళ్లు ఎందుకు సంపుతరు?"

"మనోళ్లంటే ఎవలు బుచ్చవ్వా?" అన్నాడు అంతయ్య. "నైజాం పోలీసొచ్చిన్నాడు గాళ్ల మంచాలు మోసింది మేమే. గీ పోలీసొచ్చినంక గూడ మేమే మోస్తున్నం. టోపీలు తప్ప మాకేం ఫరక్ కనవడలే."

"గట్లని ఎవలినీ నమ్మకపోతె ఎట్ల?" ముత్తయ్య విసుక్కున్నాడు. "రేపు దొంగలు పడితె ఎవలికి చెప్పుకోవాలె?"

సుల్తాన్ బీ కూర్చున్న చోటి నుంచే అడిగింది. "ముత్తన్నా, రజాకార్లు పడ్డనాడు నీ బిడ్డలు యాడికి ఉరికొచ్చిండ్రు? ఠాణాకా?"

ముత్తయ్య తల వంచుకున్నాడు. "మీ ఇంటికి" అన్నాడు నెమ్మదిగా.

"గప్పటి పోలీసు మా తుర్కోళ్ల పోలీసే అంటిరి గదా. ముత్తన్న బిడ్డల కోసం రజాకార్ల ఎంబడి వచ్చి గాళ్లే నా తలుపు తన్నిండ్రు. మనోళ్లే గదా, నన్నేం జేస్తరని నేను గూడ అనుకున్న. బుచ్చక్కకు గిప్పుడున్న నమ్మకం నాకు గప్పుడుండె." ఆమె గొంతు పెరగలేదు. "మా ఆయనకు ఏ పోలీసు మీదా నమ్మకం లేకుండె. ఆయన అంతన్నను నమ్మి వచ్చిండు."

అంతయ్య కూలబడిపోయాడు. ఇంత కాలం దాచుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటపడింది. "నా నోరే సంపింది చెల్లె! నా నోరే..."

"సంపినోడు గడిల ఉన్నడు. తలుపులేసుకున్నోళ్లు గీడ కూసున్నరు. నువ్వొక్కనివే మొయ్యకు అన్నా."

బుచ్చవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. "అయితె నా కొడుకు ఇగ రానే రాడా?"

"వస్తడు అక్కా. ఊరంత నిలవడి తెచ్చుకుంటె వస్తడు. ఒక్కడొక్కడై చావడి కాడికి పోతె రాడు."

మర్నాడు పొద్దున చావడి అరుగు మీద అమీను, కుర్చీలో దొర. అంతయ్య గడ్డి మంట వేసి డప్పు కాచుకున్నాడు. జనం అతని వెనక నిలబడ్డారు. ఇంతమంది ఎందుకొచ్చారని దొర గుమస్తాను అడుగుతుండగానే డప్పు మోగింది.

"ఇనుండ్రి! ఎనుకట గూడ పోలీసోళ్లు గీ చావడి కాడికే పిలిచిండ్రు. ఇబ్రాహీం వచ్చిండు. మల్ల ఇంటికి పోయిండా?"

"పోలే!" జనం ఒక్క గొంతుతో అన్నారు.

"ఫజలుద్దీన్ వచ్చిండు. ఇంటికి పోయిండా?"

"పోలే!"

అతను ఒక్కొక్క పేరే పిలిచాడు. రెండేళ్లుగా ఆ ఊళ్లో ఎవరూ పైకి అనని పేర్లవి. పేరు పేరుకూ జనం గొంతు పెరిగింది. దొర ముఖం పాలిపోయింది.

"గాళ్లను చూపెట్టుండ్రి! గప్పుడు మా పిల్లలను పిలువుండ్రి!"

అమీను సైగ చేశాడు. తుపాకి మడమ అంతయ్య మొహం మీద పడింది. బూటు కాలితో డప్పు తొక్కారు. చేతులు వెనక్కి విరిచి కట్టి లారీలోకి విసిరేశారు. "తుర్కదాని మాటలు పట్టుకొని ఊరు చెడిపోయింది" అని దొర అరుస్తున్నాడు.

అప్పుడొక భయంకరమైన క్షణం గడిచింది. మనుషుల కాళ్లు అలవాటుగా ఇళ్ల వైపు తిరిగాయి. ముత్తయ్య తన గుమ్మం దాకా పోయాడు, చెయ్యి తలుపు మీద వేశాడు. లారీ కదిలింది.

దాని వెనక సుల్తాన్ బీ ఒక్కతే నడుస్తోంది.

ముత్తయ్య తలుపు మీది చెయ్యి తీశాడు. "ఆగు చెల్లె, నేనొస్తున్న!" అని అరిచి దుమ్ములో పడి ఉరికాడు. గౌండ్లవాళ్లు వచ్చారు. మాదిగవాడ మొత్తం వచ్చింది. బుచ్చవ్వ చెప్పులు కూడా లేకుండా ఉరికి వచ్చింది. బండ్ల బాటలో లారీ జోరుగా పోలేదు. పోలీసులు వెనక నుంచి తుపాకులు ఎత్తి చూపించారు. జనం ఆగలేదు. కంకర రోడ్డు ఎక్కాక లారీ కనుమరుగైంది. అయినా నడిచారు. దారి పొడుగునా ఊళ్లవాళ్లు ఎదురొచ్చి ఎక్కడికని అడిగారు.

"మా మనిషిని తీస్కపోయిండ్రు. ఎనుకట తీస్కపోతే మేం చూస్కుంట ఊకున్నం. ఈసారి ఊకోం."

విన్నవాళ్లలో కొందరు చెంబు నీళ్లిచ్చి వెనక్కి పోయారు. కొందరు చేతిలో పని పడేసి వెంట నడిచారు.

తాలూకా ఠాణా ముందుకు చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. లారీలోనే ముందు చేరిన అమీను బయటికి వచ్చాడు. ఇంతమందిని అతను ఊహించలేదు. గుంపును తేరిపార చూసి, మెత్తని గొంతుతో బుచ్చవ్వను దగ్గరికి పిలిచాడు.

"పెద్దదానివి. మన హిందువుల ఆడదానివి. ఆ తురకదాని వెంట తిరుగుతావేమమ్మా? అంతయ్య మా రక్షణలో ఉన్నాడు. నీ కొడుక్కి కూడా నేను హామీ. వీళ్లను తీసుకుని ఇంటికి పో."

బుచ్చవ్వ అతని ముఖంలోకి చూసింది. ముంతలు ముంతలు చల్ల పోసిన ముఖం అది.

"సారూ, నా కొడుకు యాడున్నడో నాకు తెల్వదు. గీమె పెనిమిటి యాడున్నడో నీ పోలీసోళ్లకు తెలుసు. ముందుగాల గది చెప్పు. చెప్పేదాన్క నన్ను మన మనిషి అనకు."

ఆమె వెళ్లి సుల్తాన్ బీని ఆనుకుని నేల మీద కూర్చుంది. ముత్తయ్య కూర్చున్నాడు. తర్వాత అందరూ కూర్చున్నారు. లాఠీలు లేచాయి, తలలు పగిలాయి. పగిలిన తలలకు గుడ్డలు కట్టుకుని మళ్లీ అక్కడే కూర్చున్నారు.

పొద్దు వాలింది. అంతయ్యను బయటికి తేలేదు. జనమూ లేవలేదు. దారిలో నీళ్లిచ్చి వెనక్కి పోయినవాళ్లు ఇప్పుడు ఒక్కొక్కరే వస్తున్నారు. వచ్చి, పోలీసుల వెంట పోయి తిరిగి రాని తమ ఊరివాళ్ల పేర్లు ఠాణా వైపు తిరిగి గట్టిగా చెప్పి, కూర్చుంటున్నారు.